ఖాళీ ఊయల దగ్గర కపిల పాట

ఆ రోజుల్లో మా అనంతపురం జిల్లాలో పాట నేర్పడానికి టీచరు కావాలని ఎవరైనా అంటే, నడక నేర్పడానికి టీచరు కావాలన్నట్టు విని నవ్వి ఊరుకునేవాళ్ళు. నీళ్ళు తోడేవాడు పాడేవాడు, కళ్ళం తొక్కించేవాడు పాడేవాడు, రాగులు విసిరే మనిషి పాడేది, చంకలో బిడ్డ ఉంటే చాలు గొంతు దానంతటదే లేచేది. ఇప్పుడు చూడండి. నేనుండేది మిద్దె మీద ఒంటిగదిలో. కింది భాగంలో అంగన్‌వాడీ. పొద్దున పది కొట్టగానే ఒక ప్లాస్టిక్ కుర్చీలో ఫోనును గోడకు ఆనించి, అయ్యవారిని కూర్చోబెట్టినట్టు కూర్చోబెడతారు. అది ఇంగ్లీషులో పాడుతుంది, ఏదో మంచు కురిసే దేశపు పాట. (మా పిల్లలు మంచు సంగతి దేవుడెరుగు, వాన చూసే ఎన్నాళ్ళయిందో.) చుట్టూ పసివాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూస్తారు. పాడరు. పోయిన వారం ఇక తట్టుకోలేక కిందికి దిగి వెళ్ళాను. (నా మోకాళ్ళకు ఇదే పెద్ద ప్రయాణం, ఆ సంగతి తర్వాత చెబుతాను.) టీచరమ్మ గుడ్లు ఉడకబెడుతోంది.

"ఏమమ్మా, పిల్లలకు పాడేది నువ్వా, ఆ ఫోనా?" అన్నాను.

"ఫోనే తాతా. అట్లే చెయ్యమని మాకు ట్రైనింగ్ ఇచ్చినారు."

"ట్రైనింగా! ట్రైనింగ్ గురించి నాకా చెప్తావు?"

"నీకేం తెలుసు తాతా ట్రైనింగ్ గురించి?" అంది ఆ పిల్ల. వెటకారం కూడా కాదు, నిజంగానే అడిగింది. అదే నాకు ఎక్కువ మండింది. జవాబు చెప్పకుండా మెట్లెక్కి వచ్చేశాను. పైన నా గదిలో జవాబు వినేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి, మీకు చెబుతున్నాను.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. చదివింది అయిదో తరగతి. ఆ మీదటి చదువంతా నాకు నేనే చెప్పుకున్నాను. బోండాలు చుట్టి ఇచ్చిన ఇంగ్లీషు పేపర్లను నూనె ఆరబెట్టి చదివేవాణ్ణి. పాత కాగితాలవాడి దగ్గర ఒక ఇంగ్లీషు నిఘంటువు దొరికింది గానీ, మొదటి పేజీలు చినిగిపోయి అది డి అక్షరంతో మొదలయ్యేది. అందువల్ల నా ఇంగ్లీషులో ఏ, బీ, సీలతో మొదలయ్యే మాటలు చాలా తక్కువ. ఆ లోటు ఎవరికీ తెలియకుండా గొంతు పెంచి మాట్లాడేవాణ్ణి. ఒకసారి హిందూపురం బస్టాండులో బోండా కాగితాన్ని అలా పైకి చదువుతుంటే ఒక సారు చూశాడు. ఆయన పల్లెల్లో బాలవాడీలు నడిపే సంస్థకు పెద్ద. చలిదేశం నుంచి ఒకామె వస్తోందట, బాలవాడీ టీచర్లకు పసిపిల్లల సంగీతంలో పదిహేను రోజులు శిక్షణ ఇస్తుందట, ఆమె మాటలు తెలుగులో చెప్పే మనిషి కావాలట.

"పని బాగా చేస్తివంటే ఈడే పాటల మాస్టరుగా పెట్టుకుంటానప్పా. పర్మనెంటు," అన్నాడు సారు. "ఆమెకి కావాల్సింది ఒకటే. మన ఆడోళ్ళు ఉయ్యాల పాటలు పాడాల, ఆమె టేపులో పట్టుకోవాల. అది చేపిస్తే ఉద్యోగం నీదే."

ఆ ఉద్యోగం నాకు ఎంత కావాలో చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి. ఇంట్లో నేనూ నాయనా. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. నాయన కపిల తోలేవాడు. కపిల అంటే ఇప్పటివాళ్ళకు తెలియకపోవచ్చు: మోటరు రాకముందు తోలుబానకు మోకు కట్టి, ఆ మోకును ఎద్దులకు కట్టి బావిలో నీళ్ళు తోడేవాళ్ళు. ఎద్దులు వాలు బాటలో కిందికి నడిస్తే బాన పైకి వచ్చి కాలవలో నీళ్ళు పోస్తుంది. అవే ఎద్దులు వెనక్కి నడిచి బావి గట్టు దాకా వస్తే బాన మళ్ళీ నీళ్ళలోకి దిగుతుంది. ముందుకు ఒక పాట, వెనక్కి ఒక పాట. మా నాయన పాడితే పక్క ఊరి ఎద్దులు చెవులు నిక్కించేవని చెప్పుకునేవాళ్ళు. మూడేళ్ళు వరసగా వానలు పోయాయి. బావిలో అడుగున బండ కనిపించిన రోజున నాయన ఎద్దులను సంతకు తోలుకుపోయాడు. ఆ రోజు నుంచి పాట లేదు. పాటతో బాటు మాట కూడా చాలావరకు పోయింది. సంకటి చేసుకునేవాళ్ళం, తినేవాళ్ళం, చెరొక గోడ చూస్తూ పడుకునేవాళ్ళం. ఆ ఇంట్లోంచి బయటపడటానికి నాకు దొరికిన ఒకే ఒక తలుపు ఆ ఉద్యోగం.

శిక్షణ జరిగింది లేపాక్షి దగ్గర ఒక పాత శనక్కాయల గోడౌనులో. పదకొండుమంది ఆడవాళ్ళు. మా వైపు తెలుగువాళ్ళు కొందరు, చిలమత్తూరు అవతల నుంచి వచ్చిన కన్నడం వాళ్ళు ముగ్గురు, హిందూపురం నుంచి ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్ళు ఇద్దరు. అందరిలో పెద్దామెను అంతా పెద్దక్క అనేవాళ్ళు. కూలికి పోయి వచ్చి, సాయంత్రాలు బాలవాడీ నడిపే మనిషి. తనకు తట్టింది అవతలివాడి ముఖాన అనేయడం ఆమె పద్ధతి. నేను మొదటిరోజు సూటుకు తక్కువగా, పంచెకు ఎక్కువగా ఏదో వేషం వేసుకుని నిలబడగానే, "ఏమప్పా ఇంగ్లీషప్పా, నీకూ పెండ్లి చూపులా ఈ పొద్దు?" అంది. ఆ పేరు నాకు పదిహేను రోజులూ అతుక్కుపోయింది.

చలిదేశపు దొరసానమ్మ మంచి మనిషి. ఎండకు టమాటా పండులా అయిపోయి కూడా నవ్వుతూనే ఉండేది. మొదటిరోజే గోడౌను దూలానికి చీరతో ఊయల కట్టించింది. అందులో ఒక ప్లాస్టిక్ బొమ్మను పడుకోబెట్టింది. ఒక్కొక్కరూ వచ్చి, ఊయల ఊపుతూ, చిన్నప్పుడు వాళ్ళమ్మ పాడిన పాట పాడాలి. ఇది ఆమె చెప్పింది. (ఊయల, చప్పట్లు, చివరికి బిడ్డ కూడా ఇంగ్లీషులో బీ, సీ అక్షరాలతోనే మొదలవుతాయని ఆ పూట తెలిసింది. చేతి సైగలతో నెట్టుకొచ్చాను.) నేను దానికి నా సొంత ఉపన్యాసం కొంత చేర్చి తెలుగులో చెప్పాను. పదకొండుమందీ నేల చూశారు. ఎవరూ లేవలేదు.

"పాడండమ్మా, సిగ్గెందుకు?" అన్నాను.

"సిగ్గు కాదప్పా," అంది పెద్దక్క. "బిడ్డ లేని ఊయల ఊపకూడదు. బిడ్డకి కడుపునొప్పి వస్తాది."

"ఏ బిడ్డకు? అందులో బిడ్డే లేదు గదా!"

"నేను చెప్తాండేది అదే. యాడో ఉంటాది గదా ఒక బిడ్డ. దానికి వస్తాది."

నాకు ఒళ్ళు మండిపోయింది. డి నుంచి జెడ్ దాకా చదివిన మనిషిని, ఈ మాట ఒక పరదేశి ముందు ఎలా చెప్పేది? మా జిల్లా పరువేం కావాలి? దొరసానమ్మ నా ముఖంలోకి చూస్తోంది. వీళ్ళకు గొంతు నొప్పిగా ఉందని చెప్పాను. ఆమె చాలా బాధపడింది. మరునాడు పొద్దున్నే పదకొండుమందికీ మిరియాల కషాయం కాయించి, దగ్గర నిలబడి తాగించింది.

"గొంతు నొప్పి ఎవురికప్పా?" అంది పెద్దక్క, కషాయం ఘాటుకు కళ్ళు తుడుచుకుంటూ.

"మీకే."

"ఓహో. మాకు చెప్పకనే వచ్చిందే!"

ఒక అబద్ధానికి కషాయంతో పోయింది. మూడోరోజు, ఈ వేళ శుక్రవారం గనక పాడరని చెప్పాను. నాలుగోరోజు శనివారం గనక అన్నాను. అయిదోరోజు, వీళ్ళంతా ఒకరి ముందు ఒకరు పాడరని చెబితే, పాపం ఆమె ఒక్కొక్కరినీ విడిగా లోపలికి పిలిచింది. ఒక్కొక్కరూ విడిగా వెళ్ళి, విడిగా నేల చూసి వచ్చారు. ఆరోరోజు ఆమె బల్ల మీద నోటుపుస్తకం తెరిచి ఉంది. చదవకూడదు. చదివాను. నాకు అందిన ఇంగ్లీషు మాటలను బట్టి అందులో రాసింది ఇది: ఈ ప్రాంతపు తల్లులు పిల్లలకు పాటలు పాడరు.

ఆ వాక్యం చూసినప్పుడు నాకు కలిగిన కోపం ఇప్పటికీ పూర్తిగా దిగలేదు. పాడరా? మా తల్లులా? (ఆ మాట రాయించింది నా అబద్ధాలేనన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు. కోపంలో ఉన్నవాడికి తన వాటా కనిపించదు.) నేరుగా గోడౌను మధ్యకు వెళ్ళాను. "మీరెవరూ పాడకపోతే నేను పాడతా," అని ఊయల అంచు పట్టుకుని ఒక్క ఊపు ఊపాను. ఆడవాళ్ళు "అయ్యో, అయ్యో" అన్నారు. దొరసానమ్మ ఆనందంగా టేపురికార్డరు మీట నొక్కింది. నోరు తెరిచాను.

ఏమీ రాలేదు.

ఊయల వస్తోంది, పోతోంది. బొమ్మ నావైపు కళ్ళార్పకుండా చూస్తోంది. పుస్తకాల్లో చదువుకున్న పద్యాలు చాలా ఉన్నాయి, హోటలు రేడియోలో విన్న పాటలున్నాయి. కానీ అమ్మ పాడిన పాట అని అడిగితే, నా లోపల ఆ చోట ఏమీ లేదు. పదకొండుమంది ఆడవాళ్ళ మధ్య, వాళ్ళందరికీ ఉన్నది తనకొక్కడికే లేదని తెలుసుకోవడం ఎలా ఉంటుందో నేను వర్ణించను. టేపు తిరుగుతోంది. ఏదో ఒకటి రావాలి. వచ్చింది. మా నాయన పాట వచ్చింది. ఎద్దులను బావి గట్టుకు వెనక్కి పిలిచే పాట.

"రా... రా... వెనక్కి రా బసవన్నా, రా..." అని, పొలం ఈ చివర నుంచి ఆ చివరకు వినిపించే గొంతుతో, కళ్ళు మూసుకుని, ఎత్తుకున్నాను.

గోడౌను బయట ఒక జతెద్దుల బండి ఆగి ఉంది. అందులో ఎడమ పక్క ఎద్దు ఒకప్పుడు కపిల ఎద్దట. బావులు ఎండిన కరువులో బండివాడు సంతలో కొన్నాడట. ఈ సంగతులన్నీ నాకు తర్వాత తెలిశాయి. ఆ క్షణంలో తెలిసింది బండివాడి కేక మాత్రమే. నా పాట వినగానే ఆ ఎద్దు తల వంచి వెనక్కి నడవడం మొదలుపెట్టింది. కుడి పక్క ఎద్దుకు కపిల తెలియదు, అది ముందుకు లాగింది. బండి గిర్రున తిరిగింది. బండివాడు "హో, హో" అంటున్నా అది ఆగడం లేదు, నేను ఇంకా "రా... రా..." అంటున్నాను గదా! (దొరసానమ్మ మెచ్చుకోలుగా తలాడిస్తుంటే నేను గొంతు ఇంకా పెంచాను.) బండి తోక గోడౌను వాకిట్లో ఉన్న నీళ్ళ డ్రమ్మును ధడేలుమని కొట్టింది. మైలున్నర నుంచి బిందెలతో మోసి నింపిన ఆ పూట నీళ్ళన్నీ గుమ్మం దాటి లోపలికి వచ్చి నా కాళ్ళు కడిగాయి.

కళ్ళు తెరిచాను. మొదట పెద్దక్కే నోరు విప్పింది. "కపిల పాటకి నీళ్ళు వచ్చేది విన్యాం గానీ, ఉండే నీళ్ళు పోయేది ఇదే సూస్తాండాం." మిగిలిన పదిమందీ పగలబడి నవ్వారు. ఆ వెంటనే బిందెలు తీసుకుని బయలుదేరారు, ఎందుకంటే నవ్వుతో సంకటి ఉడకదు. నేనూ ఒక బిందె భుజానికెత్తుకుని వెనకాల నడిచాను. బోరింగు దగ్గర పెద్దక్క పక్కకు వచ్చి నిలబడింది.

"మీ అమ్మ లేదా అప్పా?"

"లేదు."

ఆమె కాసేపు బోరింగు కొట్టింది. "మేము పాడకపోయేది ఎందుకో ఆ దొరసానికి నువ్వు చెప్పినావా, లేదా?"

"చెప్పలేదు."

"ఎందుకు? మేము మొద్దులమని ఆమె అనుకుంటాదనా? లేకుంటే మాతో కలిపి నిన్నూ అనుకుంటాదనా?"

నిండిన బిందె ఎత్తుకున్నాను. తిరిగి వచ్చి, తడి పంచెతోనే దొరసానమ్మ ఎదుట నిలబడి ఉన్నదంతా చెప్పాను. గొంతు నొప్పి అబద్ధం, శుక్రవారం అబద్ధం, కడుపునొప్పి నిజం. ఆమె లేచి, ఊయలలో బొమ్మను తీసి పెట్టెలో పెట్టి, ఒకే మాట అడిగింది: అయితే బిడ్డ ఎక్కడ దొరుకుతుంది?

బిడ్డకేం కరువు! పెద్దక్క ఊళ్ళోకి వెళ్ళి రెండు నెలల పసిగుడ్డునూ దాని తల్లినీ వెంటబెట్టుకొచ్చింది. నేను చొక్కా సరిచేసుకుని, తర్జుమాకు సిద్ధంగా ఊయల పక్కన నిలబడ్డాను.

"నువ్వేమి ఈడ?" అంది పెద్దక్క. "తల్లి పాలియ్యాల. బయటికి పో నాయనా."

"నేను లేకుంటే ఆమె మాట మీకెట్ల తెలుస్తుంది?"

"బిడ్డ ఏడిస్తే ఏమి చెయ్యాల్నో ఇంగ్లీషులో ఎవురూ చెప్పాల్సిన పని లేదు. పో, పో."

తలుపు వేసేశారు. బయట ఆ బండే ఉంది. ఆ ఎద్దు పక్కన అరుగు మీద కూర్చున్నాను. లోపల బిడ్డ క్యారుమంది. ఆ వెంటనే మొదలయింది. ముందు పెద్దక్క గొంతు, తర్వాత కన్నడంలో ఎవరో, దాని మీద ఉర్దూలో ఇంకెవరో, ఒకరు ఆపిన చోట ఒకరు అందుకుంటూ. ఆరు రోజులుగా నేను లాగినా రాని పాటలు, నేను బయటికి రాగానే వచ్చాయి. చివరికి నాకు తెలియని భాషలో ఒక సన్నని గొంతు. దొరసానమ్మ వాళ్ళమ్మ పాట పాడుతోంది. దాన్ని తర్జుమా చేయమని ఎవరూ అడగలేదు. నేనూ, ఎద్దూ విన్నాం. బిడ్డ ఏడుపు ఆగింది. ఎద్దు నెమరు వేస్తోంది. నాకు నెమరు వేయడానికి కూడా ఏమీ లేదు.

టేపు సంగతి తర్వాత తెలిసింది. దొరసానమ్మ మీట నొక్కబోతే, అది టక్కుమంటే బిడ్డ లేస్తుందని పెద్దక్క ఆమె చేతి మీద ఒక్కటి కొట్టిందట. దాంతో ఒక్క ఉయ్యాల పాట కూడా టేపుకు ఎక్కలేదు. మిగిలిన రోజుల్లోనూ అదే వరస: రోజూ బిడ్డ రావడం, నేను అరుగు మీదికి పోవడం. చివరిరోజు సారు వచ్చి టేపు వినిపించమన్నాడు. నా "రా... రా..." వినిపించింది, బండివాడి కేక వినిపించింది, డ్రమ్ము మోగింది, పెద్దక్క మాట స్పష్టంగా వచ్చింది.

"ఇదేమప్పా, ఉయ్యాల పాటనా ఇది?" అన్నాడు సారు.

పాటల మాస్టరు ఉద్యోగానికి పెద్దక్కను పెట్టుకోమని దొరసానమ్మ చెప్పింది. ఆ మాట సారుకు తెలుగులో చెప్పాల్సింది నేనే. చెప్పాను. ఒక్క అక్షరం మార్చకుండా, నా జీవితంలో చేసిన అతి శుద్ధమైన తర్జుమా అది. పోయేటప్పుడు దొరసానమ్మ తన సొంత నిఘంటువు నా చేతిలో పెట్టింది. ఏ నుంచి ఉంది. నా ఇంగ్లీషు ఎక్కడ మొదలవుతుందో ఆమెకు మొదటిరోజే తెలిసిపోయిందన్నమాట.

చీకటి పడకముందే ఇల్లు చేరాను. నాయన వాకిట్లో కూర్చుని ఉన్నాడు. బండివాళ్ళ నోటి నుంచి సంతకూ, సంత నుంచి మా ఊరికీ నా కీర్తి నాకంటే ముందే వచ్చింది.

"ఎద్దు నీళ్ళ డ్రమ్ము పడేసిందంట గదరా," అన్నాడు. ఎన్నో నెలల తర్వాత తనంతట తాను మాట్లాడిన మాట అది.

"ఊ."

"గొంతెత్తి పిలిచింటావు."

"ఎత్తకుంటే ఎట్ల వినపడతాది?"

"ఎద్దుకి వెనక కనపడదు రా. నీ గొంతే దానికి కండ్లు. దూరం ఉంటే ఎత్తాల. గట్టు దగ్గరయ్యే కొద్దీ దించాల. నువ్వు ఎత్తుతానే ఉంటే, ఇంకా దూరం ఉండాది గదా అని అది వస్తానే ఉంటాది. బావిలో పడతాది. అయినా పాడింది తప్పేమీ లేదులే. కపిల గుంజకి జోలె కట్టి నిన్ను దాంట్లో ఏసి తోలుతాంటి. నేను గొంతు దించినప్పుడల్లా పండుకుంటాంటివి. నీకు వేరే జోలపాట యాడిది?"

పాడి చూపిస్తాడేమోనని కూర్చున్నాను. పాడలేదు. ఎండిన బావికి ఆ పాట పాడకూడదని ఆయన లెక్క. ఖాళీ ఊయల సంగతి తెలిసొచ్చినవాణ్ణి గనక నేనూ అడగలేదు. మళ్ళీ ఎప్పుడూ పాడకుండానే పోయాడు. నేను ఊళ్ళు తిరిగి, ప్రెస్సుల్లో అక్షరాలు కూర్చి, ఏ నుంచి జెడ్ దాకా పూర్తిగా చదువుకుని, ఎవరినీ కట్టుకోకుండా, ఈ మిద్దె మీద గదికి చేరాను.

ఇక మోకాళ్ళ సంగతి. మెట్లు ముందుకు దిగితే పట్టు తప్పుతోందని, కమ్మీ పట్టుకుని వెనక్కి దిగమన్నాడు డాక్టరు. అలాగే దిగుతాను, కపిల ఎద్దులాగా. వెనక ఏముందో కనపడదు. పిలిచేవాళ్ళు లేరు గనక నాకు నేనే "రా... రా..." అనుకుంటాను, లోలోపల. నిన్న పొద్దున అలా దిగుతుంటే కింద ఫోను పాట ఠక్కున ఆగింది. పోయిన వారం నేను కసురుకున్న ఆ టీచరమ్మ మెట్ల కింద నిలబడి, "మెల్లగా తాతా, ఇంకా ఆరుండాయి!" అని అరిచింది. పసివాళ్ళంతా గుంపుగా "ఆరుండాయి!" అన్నారు. నాలుగు. మూడు. నేను కమ్మీ వదలకుండా దిగుతున్నాను, ట్రైనింగ్ గురించి ఆమెకు చెప్పాల్సిన నాలుగు మాటలు నోట్లో సిద్ధం చేసుకుంటూ. చివరికి వచ్చేసరికి, "ఇంకొకటే తాతా," అంది, నాకొక్కడికే వినపడేంత మెల్లగా. కాలు నేలకు తగిలింది. సిద్ధం చేసుకున్న మాటలేవీ గుర్తుకు రాలేదు. ఏ ట్రైనింగులో నేర్పారో గానీ, గొంతు ఎక్కడ దించాలో ఆ పిల్లకు తెలుసు.